రంగం సామి

మా పూజగదిలో జానెడు ఎత్తు తెల్లరాతి స్వామి ఉన్నాడు. ఇంట్లో అందరం ఆయన్ని రంగం సామి అంటాం. రాచర్ల దగ్గర అడవిలో కొలువున్న రంగనాయకుడే ఈయనని మా అమ్మ నమ్మకం. కాపురానికి వచ్చిన నాటి నుంచి ప్రతి శనివారం నామం దిద్ది, పులిహోర నైవేద్యం పెట్టేది.

పోయినేడు ఇంటికి రంగులు వేయిస్తూ, విగ్రహాన్ని కుంకుడు నురుగుతో కడిగింది. ఏళ్ళ తరబడి పేరుకున్న గంధం, నామం కరిగిపోయాయి. చూస్తే చెవి తమ్మెలు భుజాల దాకా సాగి ఉన్నాయి. బాసింపట్టు వేసుకుని కూర్చున్న స్వామి కుడిచేతి వేళ్ళు నేలను తాకుతున్నాయి.

"అమ్మా, ఈయన బుద్ధుడు," అన్నాను.

అమ్మ మొహం వెలవెలబోయింది. "ఇన్నేండ్లూ వేరే సామి పేరుతో పిలిచినానా?"

ఆ విగ్రహం మా ఇంటికి ఎట్లా వచ్చిందో తెలిసినవాడు నాయన వాళ్ళ చిన్నాయన ఒక్కడే. తొంభై ఏళ్ళ ఆ తాత కొనకనమిట్లలో ఉంటాడు. ఆదివారం ఇద్దరం వెళ్ళి ఫోనులో ఫొటో చూపించాం.

తాత పకపకా నవ్వాడు. "రంగనాయకుడని ఎవరు చెప్పినారు? రంగూన్ని మేం రంగం అనేవాళ్ళం. ఆడినుంచి వచ్చినాడు గనక రంగం సామి!"

తాత వాళ్ళ నాయన అక్కడి రేవులో మూటలు మోసేవాడట. ఇక్కడా అక్కడా తెల్లదొరల ఏలుబడే కాబట్టి, మద్రాసులో ఓడెక్కితే చాలు, రంగం చేరేవాళ్ళు. యుద్ధంలో జపాను బాంబులు పడ్డాక మాత్రం, కొండలూ అడవులూ దాటి నడిచి రావాల్సి వచ్చింది.

"బయల్దేరేటప్పుడు పక్కింటి బర్మా ఆమె ఈ సామిని మా అమ్మ మూటలో పెట్టింది. మిమ్మల్ని ఇల్లు చేరుస్తాడని చెప్పింది. చేర్చినాడు. ఊళ్ళో ఏ సామి అని అడిగితే, అమ్మ రంగం సామి అనింది. తెల్లారేసరికి ఆడోళ్ళు నామం పెట్టేసినారు!"

అమ్మకు నవ్వు రాలేదు. "నామం పెట్టినందుకు కోపమొచ్చింటాదా మామా?"

"ఎనభై ఏండ్లు మన పులిహోర తిన్నాడు. ఇంక కోపమేందమ్మా?"

అప్పుడు నవ్వింది అమ్మ. "ఆ బర్మా ఆమె పేరేంది?" అని అడిగింది.

"తెలీదు. నాకు చానాసార్లు అన్నం పెట్టింది. ఆమెను కూడా అమ్మా అనే పిలిచేవాణ్ణి."

మరుసటి శనివారం అమ్మ నామం మానేసి చిన్న గంధం బొట్టు పెట్టింది. పులిహోర మాత్రం మానలేదు. స్వామి ముందు రెండు విస్తళ్ళు వేసింది.

"రెండోది ఎవరికమ్మా?"

"రంగంలో ఉన్నామెకు," అంది.