శుక్రవారం అబద్ధం

మా కోసపాళయంలో అబద్ధాలాడని మనిషి లేడు. అబద్ధం రాసి జీతం తీసుకునే మనిషి మాత్రం ఒక్కతే ఉంది. పేరు ఎన్. వేదవల్లి, మా పక్కింటి కోడలు. ఊళ్లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లైబ్రేరియన్. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ, తమిళ బడుల్లో చదివిన ఇక్కడి మనవాళ్లలో చాలామందిలాగే తెలుగు చదవడం రాదు. నేను నెల్లూరులో మేనమామ ఇంట చదువుకున్నాను కాబట్టి నాకు నాలుగక్షరాలు వచ్చాయి. ఆమె దీన్ని ఎలాగూ చదవదు కనుక మొహమాటం లేకుండా రాస్తాను.

ప్రతి శుక్రవారం పొద్దున లైబ్రరీ బయట ఉన్న నల్లబోర్డు మీద ‘ఈ వారం అబద్ధం’ అని తమిళంలో పెద్దక్షరాలతో రాసి, దాని కింద ఒక వార్త రాస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ రోజు ఒక గంట లైబ్రరీ పీరియడ్. ఆ వార్త ఎందుకు అబద్ధమో వాళ్లు పుస్తకాల్లోనో పేపర్లలోనో వెతికి రుజువు తేవాలి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఇంకెవరైనా చెప్పారా అని చూడాలి. ముందుగా తెచ్చిన పిల్ల పేరు, అసలు నిజంతో పాటు, సాయంత్రం అదే బోర్డు మీదికి ఎక్కుతుంది. ఒకసారి, కొబ్బరినీళ్లలో పెడితే ఫోను దానంతటదే చార్జవుతుందని రాసింది. ఒక పిల్ల పుస్తకాల జోలికి పోకుండా నాన్న ఫోనుతోనే పరీక్ష చేసింది. ఆయన స్కూలుకొచ్చి తొక్కిన చిందులు వీధంతా తెలుసు.

ఆ గంట మీద హెడ్‌మిస్ట్రెస్ కన్ను పడింది. లెక్కల్లో మార్కులు తగ్గాయి కాబట్టి వచ్చే ఏడు ఆ పీరియడ్ లెక్కల టీచరుకు ఇచ్చేస్తానంది. అంతలో చెన్నైలోని ఒక లైబ్రేరియన్ల సంఘం, సమాచారాన్ని వెతకడం, తూచి చూడడం పిల్లలకు బాగా నేర్పే స్కూలుకు అవార్డు ఇస్తామని ప్రకటించింది. “అవార్డ్ వస్తే ఆ పీరియడ్ మీదే. రాకుంటే నన్ను అడగొద్దు,” అని హెడ్‌మిస్ట్రెస్ తేల్చేసింది.

నాకు అవార్డులంటే పడదు. శాలువా కప్పిన చెయ్యే మర్నాటికి మనిషిని మరిచిపోతుంది. వేదవల్లికీ శాలువా మీద మోజు లేదు. ఆ గంట పోతుందన్నదే ఆమె దిగులు. ఆ మాట ఎత్తితే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి.

కమిటీవాళ్లు చూడడానికి వస్తామన్న రోజుకు ముందు శుక్రవారం, ఆమె బోర్డు మీద ఇలా రాసింది: రేపు సాయంత్రం సముద్రం బాగా వెనక్కి పోతుంది, బీచ్ రోడ్డు కింద మునిగిన పాత కట్టడాలు బయటపడతాయి, చూడదలచినవాళ్లు రావచ్చు. పిల్లలు పేపర్లో ఆటుపోట్ల వేళలు చూసి కనిపెడతారని ఆమె ఆలోచన. కాలాపేట నుంచి బస్సులో వచ్చే మలర్ అనే పిల్ల సరిగ్గా అలాగే కనిపెట్టింది. సాయంత్రానికి మలర్ పేరు బోర్డెక్కింది. అంతటితో అయిపోయిందనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం వేదవల్లి భర్త నరేంద్రన్ సేదరపేట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా ఫోను చూపించాడు.

“వేదా, సాయంత్రం బీచికి పోదామా? సముద్రం వెనక్కి పోతాదంట, మా గ్రూపులో వచ్చింది.”

ఆమె చూసింది. అది ఆమె బోర్డే. పైనున్న ‘ఈ వారం అబద్ధం’ అన్న ముక్క వదిలేసి ఎవరో కింది భాగం ఫొటో తీశారు.

“ఇది నా చేతిరాత,” అంది.

“నీ చేతిరాతయితే నిజమే గదా,” అన్నాడాయన.

తీసినవాళ్లెవరో ఈనాటికీ తెలియదు. అది అబద్ధమని ఆమె తనకు తెలిసిన ప్రతి గ్రూపులోనూ పెట్టింది. అబద్ధం పోయినంత దూరం దిద్దుబాటు పోలేదు. సాయంత్రం బీచ్ రోడ్డు జనంతో కిక్కిరిసిపోయింది. సముద్రం ఉన్నచోటే ఉంది. జనం కాసేపు సణిగి, సుండల్ గుగ్గిళ్లు తిని, ఇళ్లకు పోయారు. ఊరు నవ్వుకుంది, నేనూ నవ్వాను.

సోమవారం మలర్ మామూలుగానే స్కూలుకు వచ్చింది. అసలు సంగతి వేదవల్లికి మలర్ పక్కన కూచునే పిల్ల చెప్పింది. సముద్రం వెనక్కి పోవడమంటే మాకు వింత. కాలాపేట జాలరివాళ్లకు దానికి ఒకటే అర్థం, సునామీ. మలర్ అవ్వ కన్నియమ్మాళ్ శనివారం సాయంత్రం ఇల్లు వదిలి, మూటతో, ఒడ్డుకు ఎత్తుగా ఉండే ఈస్ట్ కోస్ట్ రోడ్డెక్కి, చీకటి పడ్డాక కూడా కిందికి రానని కూచుందట. ఇంకా కొందరు అలాగే చేశారట.

వేదవల్లి ఆ సాయంత్రమే కాలాపేట బస్సెక్కింది. కన్నియమ్మాళ్ ఆమెను కూచోబెట్టి టీ ఇచ్చింది. తప్పయిపోయింది అవ్వా అంటే, పోనీలే తల్లీ అని ఊరుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని వేదవల్లి అంటుంది. బస్‌స్టాపు దాకా తోడొచ్చిన మలర్‌ను అడిగింది. వాళ్లు మాట్లాడుకున్నది తమిళంలో, నేను మన మాటల్లో చెబుతున్నాను.

“అబద్ధమని కనిపెట్టింది నువ్వే గదా మలర్. అవ్వకు చెప్పలేదా?”

“చెప్పినా టీచర్. ‘ఏమీ కాదులే అమ్మా, నువ్వు పో అని మీ చిన్నాయన కూడా సునామీ రోజు ఇట్లానే చెప్పినాడు, నేను రోడ్డెక్కినా, వాడు రాలేదు’ అనింది అవ్వ. ఇంకేం చెప్పేది టీచర్? మూట నేనే మోసినా.”

మర్నాడే కమిటీ వచ్చే రోజు. హెడ్‌మిస్ట్రెస్ పొద్దున్నే ఆమెను గదిలోకి పిలిచింది. “ఆ మ్యాటర్ ఎత్తొద్దు. కంప్లైంట్ ఏమీ రాలేదు,” అంది. వేదవల్లి తలూపింది. ఆమె ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుంటే కమిటీవాళ్లు వెనక కూచుని చూశారు. పిల్లలు చేతులెత్తి ఒకరి మీద ఒకరు పడి జవాబులు చెప్పారు. వచ్చిన ముగ్గురికీ నచ్చిందని వాళ్ల ముఖాలే చెప్పాయి. చివర్లో వాళ్లలో పెద్దాయన, ఈ అబద్ధాల వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందా అని మాటవరసకు అడిగాడు.

“నో కంప్లైంట్స్ సార్,” అంది హెడ్‌మిస్ట్రెస్.

“ఒకటి జరిగింది సార్,” అంది వేదవల్లి. పిల్ల పేరు మాత్రం చెప్పకుండా ఫొటో సంగతి, కాలాపేట సంగతి, సముద్రం గురించి రాసేముందు ఆ ఒడ్డున ఉండేవాళ్లు తన తలపుకే రాలేదన్న సంగతి, అన్నీ చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ కిటికీ వైపు చూస్తూ కూచుంది. కమిటీవాళ్లు మర్యాదగా విని, టీ తాగి వెళ్లిపోయారు.

అవార్డు ఇంకో ఊరి స్కూలుకు వెళ్లింది. చెప్పినదాని వల్లే పోయిందా, ఎలాగూ వచ్చేది కాదా అన్నది ఎవరికీ తెలియదు. హెడ్‌మిస్ట్రెస్‌కు మాత్రం అనుమానం లేదు. ఈ ఏడు ఎనిమిదో తరగతికి శుక్రవారం ఆ గంట లెక్కలు.

నాకు ఒళ్లు మండింది. ఒకనాడు మా అరుగు మీద కూచున్నప్పుడు అడిగేశాను.

“ఆ గంట కోసమే గదా ఇంత పాటుపడినావు. రెండు నిమిషాలు గమ్మునుండేదానికి ఏంది నీకు?”

కొంగుతో కళ్లు తుడుచుకుంది. “బాధగా ఉందన్నా, చాలా బాధగా ఉంది,” అంది. నాకు ఇంతకూడా తెలియదా అన్నట్టు చూసింది.

“ఆ రోజు మలర్ ఎదురుగానే కూచోనుండింది గదన్నా.”