ఐదు మూడున్నర అయిన సోమవారం

2024, దసరా రోజులు. హైటెక్ సిటీలో ఒక బిల్డింగు నాలుగో అంతస్తులో మా ల్యాబు. కాంతితో క్వాంటం కంప్యూటర్ కట్టాలని చూస్తున్న చిన్న కంపెనీ మాది. అప్పటికి ఆరేళ్లుగా నేను చేస్తున్నది ఒక్కటే పని, స్క్వీజింగ్. కాంతిలో సహజంగా ఉండే గజిబిజిని ఒకవైపు అణచిపెట్టడాన్ని అలా అంటారు. ఎంత అణిచితే మీటరు మీద అంకె అంత పెరుగుతుంది. నేను చేరినప్పుడు అది ఒకటి. దాన్ని ఐదుకు తెచ్చేసరికి నా నెత్తి మీద సగం జుట్టు పోయింది.

ఆ ఏడాది వేసవిలో వచ్చింది భార్గవి. కడప పిల్ల, ఇరవై ఎనిమిదేళ్లు, పీహెచ్‌డీ చేసింది. ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరింది.

ఆమె పని ఏమిటో చెప్పాలంటే ముందు నా పనిలో కొరత ఒప్పుకోవాలి. నేను చేసే కాంతిని గాసియన్ అంటారు. దాని లెక్కలన్నీ గంట ఆకారపు గీతలో ఇమిడిపోతాయి. అందువల్ల ఎంత బాగా చేసినా, ఎంత పోగేసినా, మామూలు కంప్యూటర్ కూడా దాన్ని లెక్కగట్టేస్తుంది. భార్గవి నా కాంతిలోంచి ఒక్క ఫోటాన్, అంటే ఒక్క కాంతి కణం, తీసేస్తుంది. అది తీసినట్టు డిటెక్టర్ టిక్కుమన్న ప్రతిసారీ మిగిలిన కాంతి నాన్ గాసియన్ అవుతుంది. దాని గ్రాఫు మధ్యలో సున్నా కిందికి గుంటలా దిగుతుంది. మామూలు కంప్యూటర్‌కు కొరుకుడు పడనిది ఆ గుంటే, మా క్లయింట్లు డబ్బు పెట్టేదీ దానికే. ఎన్ని బిందెల పాలున్నా తోడు పడందే పెరుగు కాదు కదా. ఆరేళ్లు పాలు కాచింది నేను, చిటికెడు తోడేసి పేరు కొట్టేసింది ఆమె. అప్పట్లో నేను అలాగే అనుకునేవాణ్ణి.

ఆ గుంట మొదటిసారి కనబడ్డ రోజు ల్యాబంతా చప్పట్లు. నేనూ కొట్టాను, కానీ కడుపు భగ్గుమంది. సాయంత్రం రైల్లో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాక లింగంపల్లి దాకా నిలబడే వెళ్లాను. మర్నాటి నుంచి ఆమె ఏమడిగినా సగం మాటలోనే జవాబు చెప్పేవాణ్ణి.

మా నాన్నకు మూసాపేటలో లేత్ మిషన్ ఉండేది. దసరాకు పనిముట్లకు బొట్టు పెట్టనిదే ఆయన మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఆ అలవాటు నేను ల్యాబుకు తెచ్చాను. దుమ్ము పనికిరాని చోటు గనక పరికరాలుండే డబ్బాల మూతల మీద మాత్రమే, అదీ చిటికెడు. పూజ రోజు నా డబ్బాలకు పెట్టడం అయిపోయాక భార్గవి వచ్చింది.

"నా డబ్బాకు గూడా మీ చేత్తోనే పెట్టండన్నా. మా అమ్మకు ఫోటో పంపాల."

కాదనలేక పెట్టాను. ఫోటోకు డబ్బా ఇటు తిప్పాల్సి వచ్చింది. నా కాంతిని ఆమె డబ్బాలోకి తీసుకెళ్లే ఫైబర్ కేబుల్ అడ్డమొస్తే విసుగ్గా కనెక్టర్ విప్పాను, ఫోటో అయ్యాక అదే కుంకుమ చేత్తో బిగించాను. కనెక్టర్ విప్పితే తుడిచి, మైక్రోస్కోపులో చూసి మరీ బిగించాలి. ఆ పాఠం అందరికీ చెప్పేది నేనే. ఆమె ఫోటో కోసం నేనెందుకు అంత కష్టపడాలి అనుకున్నాను.

సెలవుల తర్వాత సోమవారం గుంట మాయమైంది. క్లయింట్ గురువారం వస్తున్నారు. ఆ రోజు గుంట చూపించలేకపోతే ఆమె ఉద్యోగం ఖాయం కాదని అందరికీ తెలుసు.

ఆ పొద్దున, ఆ కేబుల్ చివర కొలిచే నా అంకె ఐదు నుంచి మూడున్నరకు పడింది. అలవాటు కొద్దీ లాగ్ బుక్కులో రాశాను. మూడు దాటితే మా ల్యాబులో పాసే. దారిలో కాంతి కొంత పోతే గాసియన్ కాస్త చిక్కిపోతుంది, అంతే. నాన్ గాసియన్ అలా కాదు, దారి పొడుగునా కలిపి సగం పోయేసరికి గుంట పూర్తిగా పూడిపోతుంది. భార్గవి భోజనానికి వెళ్లినప్పుడు కనెక్టర్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఎర్రటి పలుకు. ఒక్క తుడుపు తుడిస్తే పోయేదాన్ని అలాగే తిరిగి బిగించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు సంతోషం కలిగింది.

రెండు రోజులు ఆమె తన డిటెక్టర్ విప్పింది, మళ్లీ కట్టింది. తప్పు తన లెక్కలోనే ఉన్నట్టు రాసిందే రాసింది. బుధవారం మధ్యాహ్నం మా డైరెక్టర్ నా బల్ల దగ్గరకు వచ్చారు.

"నర్సింహ గారూ, రేపటికి మీ లైట్ ఒక్కటే చూపించేద్దామండి. ఆ అమ్మాయిది తర్వాత చూద్దాం."

ఆరేళ్లుగా నేను ఎదురుచూసిన మాట. ఆ హుషారులో టీకి వెళ్తుంటే భార్గవి పిలిచింది.

"అన్నా, డైరెక్టర్ సార్‌కు మెయిల్ రాసినాను. పంపేముందు ఒకసారి చూస్తారా?"

వైఫల్యం పూర్తిగా తనదేనని రాసింది. చివర ఒక వాక్యం: 'నర్సింహ గారి కాంతిలో ఎలాంటి లోపమూ లేదు.' దాన్ని రెండుసార్లు చదివాను.

"జర ఆగు. అది పంపకు," అన్నాను. ఆమెను టేబుల్ దగ్గరకు తీసుకెళ్లి, ఆమె చూస్తుండగానే కనెక్టర్ విప్పి తుడిచాను. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చార పడింది. "ఇది నా చేతి కుంకుమ. సోమవారమే చూసిన. నీకు చెప్పలే. కావాలనే చెప్పలే."

తిడుతుందనుకున్నాను. ఆమె ఆ గుడ్డ అందుకుని, మడిచి పక్కన పెట్టింది.

"మీ అంకె మూడున్నర అయిందని సోమవారమే బుక్కులో చూసినానన్నా."

"మరి అడగకపోతివేందమ్మా?"

"ఇన్ని నెలల్లో మీరు నాతో మంచిగా మాట్లాడింది ఆ పూజ రోజే. అడిగితే అనుమానించిందనుకుంటారు, ఆ మాత్రం గూడా పోతాదని భయమేసింది."

సాయంత్రానికి గుంట తిరిగొచ్చింది. జరిగిందంతా డైరెక్టర్‌కు నేనే చెప్పాను. ఆయన తల వంచుకుని విని, రేపటి డెమోలో మాట్లాడేది భార్గవే అన్నారు. క్లయింట్ ఆమె గ్రాఫు ముందే నిలబడ్డారు, నా మీటరు వైపు తిరిగి కూడా చూడలేదు. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

పాస్ మార్కు చాటున అబద్ధం ఎంత హాయిగా దాక్కుంటుందో అప్పుడు తెలిసింది. ఇప్పుడు నా అంకె అర తగ్గినా లేచి వెళ్లి అవతలివాళ్లకు నోటితో చెబుతాను. ఒక మనిషి తన ఉద్యోగం పోయినా సరే గానీ నన్ను ప్రశ్న అడగకూడదనుకుందంటే, ల్యాబులో అన్నిటికంటే పెద్ద లోపం నేనే. నా అసూయ కడుపులోనే దాగి ఉందని నేననుకున్నాను, ఆమె దాన్ని రోజూ చదువుతూనే ఉంది.

అసూయ పోయిందా అంటే పోలేదు. మొన్న ఒక పెద్ద సమావేశానికి మా ల్యాబు తరఫున ఆమెనే పిలిచారు. ఈసారి నేరుగా ఆమె బల్ల దగ్గరకే వెళ్లాను.

"నాకు కడుపు మండుతుంది భార్గవీ."

"తెలుస్తానే ఉందన్నా," అంటూ కుర్చీ ఇటు జరిపింది. "కూచోండి. అక్కడ మీ కాంతి గురించి ఏం చెప్పాలో మీరే చెప్పండి, రాసుకుంటా."