బావ కారు, సిరిసిల్ల నూలు పీచు

మొన్న ఆదివారం మా మేనల్లుడు తన కారును తాడుతో లాగించుకొని వచ్చి కోరుట్లలో మా ఇంటి ముందర నిలిపాడు. పరుగు కోసమే చేసిన స్పోర్ట్స్ కారట, దారిలో నీలం పొగ కక్కి ఆగిపోయిందట. కొత్త ఇంజన్ వాడి తాహతుకు మించింది కాబట్టి, ఉన్నదాన్నే విప్పి బాగు చేయించాలా, హైదరాబాద్ నుంచి వాడిన ఇంజన్ తెప్పించి ఎక్కించాలా అని నన్ను అడిగాడు. నేను బానెట్ ఎత్తి చూశాను.

ఈ ప్రశ్న నాకు పాతదే. నేను జగిత్యాలలో కార్ల షెడ్డులో ఉస్తాద్ దగ్గర మెకానిక్ పని నేర్చుకుంటున్న రోజుల్లో, వీడి తండ్రి, అంటే మా బావ, దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఇలాంటి పరుగు కారే ఒకటి పాతది కొన్నాడు. పెళ్లికొడుకులకు కిరాయికి తిప్పుకుంటూ ఇక ఇక్కడే ఉండిపోతానన్నాడు, మా అక్క ఆ మాట మీదే ఆశ పెట్టుకుంది. నెల తిరక్కుండానే ఇంజన్ కొట్టుకోవడం మొదలైంది. వేరే ఇంజన్ వేద్దామని ఉస్తాద్ అంటే, సగం ఖర్చులో దీన్నే బాగు చేస్తానని నేను పట్టుబట్టాను, బావ నన్నే నమ్మాడు.

మాది సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇల్లు. మగ్గాల కింద రాలిన నూలు పీచును పారేయడం మా ఇంట్లో లేదు, నాన్న దాన్ని సంచిలో నింపి వారం వారం బస్సులో పంపేవాడు, నేను దానితోనే ఇంజన్ సామాన్లు తుడిచేవాణ్ణి. ఉతికిన పాత పంచె గుడ్డే వాడమని ఉస్తాద్ ఎన్నిసార్లు చెప్పినా, మాకు అన్నం పెట్టే నూలుతో ఏం నష్టమని నా ధీమా. ఇంజన్ బిగించిన నాలుగో రోజున రాయికల్ దారిలో అది పట్టేసి తిరగకుండా పోయింది. ఉస్తాద్ విప్పి, ఆయిల్ పారే రంధ్రంలోంచి తీగతో పీచు ఉండ ఒకటి లాగి, నా మొహం చూసి, దాన్ని జేబులో వేసుకున్నాడు. బయట నిలబడ్డ బావతో ఒక్కటే అన్నాడు.

"పాత ఇంజన్ గదా భాయ్, దాని నసీబు గంతే."

నాకు ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. చేతులు నావి కానట్టు తిమ్మిరెక్కాయి. బావ కారును ఇనుము కింద అమ్మి మళ్లీ విమానం ఎక్కాడు. సెలవుకు వచ్చిన ప్రతిసారీ నాకొక మంచి పానా తెచ్చేవాడు, నేను తీసుకునేవాణ్ణి, నిజం మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆ తిమ్మిరి అలాగే ఉండిపోయింది.

మేనల్లుడికి చివరికి చెప్పాను, ముందు విప్పి కొలిపిద్దాం, సిలిండర్ లోపలి గోడలకు గీతలు లేకుంటే దీన్నే బాగు చేద్దాం, ఎవరో ఎట్లా నడిపారో తెలియని ఇంజన్ అంతకంటే నమ్మకమేమీ కాదని. ఎవరితో విప్పిస్తావని అడిగితే వాడు నవ్వాడు.

"నీతోనే ఇప్పియ్యమన్నడు మామా, నాయిన. గని నూలు పీచు మాత్రం ముట్టనియ్యద్దన్నడు."

ఉస్తాద్ చనిపోయే ముందు ఎప్పుడో బావకు చెప్పి ఉంటాడు. అంటే బావ ఆ పానాలన్నీ తెలిసే తెచ్చాడు.

ఇప్పుడు సిరిసిల్ల సాంచాల మీద పాలిస్టరే ఎక్కువ, కార్ల షెడ్డుల్లో కాగితం చుట్టలు చింపి తుడుస్తున్నారు, తప్పెక్కడుందో కంప్యూటర్ చెప్పేస్తుంది. చెప్పాక ఆ తప్పును జేబులో దాచుకునే మనిషి మాత్రం లేడు. నేను లోపలికి వెళ్లి, ఉతికి మడత పెట్టిన పాత పంచె ఒకటి తీసి చించుకుంటూ కూర్చున్నాను. చేతులకు తిమ్మిరి ఇంకా వదల్లేదు.