పన్నెండో ఫోను

మందుల దుకాణంలో ఉద్యోగం మానేసి, ఏడాదిన్నర ఒంటరిగా కూర్చుని, మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఉండే రూతు ఒక యాప్ తయారుచేసింది. వేళకి మాత్ర గుర్తుచేస్తుంది. విడుదలకు అనుమతి రావాలంటే ముందు పరీక్షగా పన్నెండు మంది పద్నాలుగు రోజులు వరసగా దాన్ని ఫోన్లలో ఉంచుకోవాలట. ఒక్కరు తగ్గినా మళ్లీ మొదటి నుంచే.

రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మా ముసలాళ్లనే పట్టుకుంది. పన్నెండో మనిషి దొరక్కపోతే నేనే తవిటయ్య ఇంటికి తీసుకెళ్లాను. బాయిలర్ షాపు సుత్తి మోతలకి అతని చెవులు ఎప్పుడో పోయాయి, ఈ మధ్య మతిమరుపు కూడా. బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో భార్య చిట్టెమ్మకే తెలిసేది కాదు.

మామూలు గంట మాలో సగం మందికి వినబడలేదు. అప్పుడు గొప్ప సలహా ఒకటి ఇచ్చాను. వర్క్‌షాపు సైరన్ పెట్టవే, ముప్ఫై ఐదేళ్లు ఆ మోతకే లేచినవాళ్లం, చచ్చినట్టు లేస్తాం అన్నాను. గేటు దగ్గర నిలబడి రికార్డు చేసుకొచ్చింది. పొద్దున్న ఏడింటికి మోగగానే పన్నెండు మందీ మాత్ర మింగారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పదో రోజు అది మోగేసరికి, రోజూ పక్కనే ఉండి మాత్ర అందించే చిట్టెమ్మ వీధి కుళాయి దగ్గరుంది. ఏళ్ల తరబడి చెవికందని సైరన్ తలగడ పక్కనే మోగితే, తవిటయ్య డ్యూటీకి ఆలస్యమైందనుకున్నాడు. పాత ఖాకీ చొక్కా తొడుక్కుని సైకిలెక్కాడు. వర్క్‌షాపు దారిలో లారీ గుద్ది అక్కడికక్కడే పోయాడు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట.

మర్నాడు రూతూ నేనూ వెళ్లాం. చిట్టెమ్మ ఆ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇది తియ్యకే పాపా. ఇంక మూడు రోజులే గదా, ఉండనీ. నీ పనైనా అవ్వనీ," అంది. మళ్లీ తనే, "ఖాకీ ఎందుకేసుకున్నాడో ఏటో, నాకు తెలీనేదు."

రూతు ఊరుకుంటే యాప్ విడుదలయ్యేది.

"అందులో నేను పెట్టిన సైరన్ ఇని పిన్నీ, బాబాయి డూటీకని ఎల్లిపోనారు."

చిట్టెమ్మ ఫోను రూతు చేతిలో పెట్టేసి గోడవైపు తిరిగింది. రూతు అక్కడే యాప్ తీసేసింది.

మళ్లీ పన్నెండో మనిషిని వెతకలేదు. ఇప్పుడు ఆ మందుల దుకాణంలోనే మాత్రలు అమ్ముతోంది. రూతు ఎదురైతే చిట్టెమ్మ ముఖం తిప్పుకుంటుంది, నాకు మాత్రం పిలిచి టీ ఇస్తుంది.

సైరన్ పెట్టమన్నది నేనని ఆ రోజు చెప్పలేకపోయాను. పిరికివాణ్ణి, ఇవాళ్టికీ చెప్పలేదు. రూతు కూడా చెప్పలేదు.