అత్తయ్య చర్చి మానేసిన రోజులు

ఉప్పెన వచ్చిన మరుసటేడు నేను పెళ్లయి పామర్రు వచ్చాను. మా అత్తగారంటే నాకు భయం. పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు పాట ఎత్తుకునేది ఆవిడే.

ఆ వర్షాకాలంలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆవిడ చాప మీద నుంచి లేవలేకపోయారు. మోకాళ్లు పట్టేశాయి. ఇద్దరు మగవాళ్లు వచ్చి చంకల్లో చేతులు వేసి లేపారు.

మరుసటి వారం నుంచి చర్చి మానేశారు. ఎవరైనా చూడటానికి వస్తే పడుకున్నానని చెప్పించేవారు. కూరలో ఉప్పు తగ్గిందనీ, తలుపు గట్టిగా వేశాననీ నన్ను కసురుకునేవారు. నేనంటే గిట్టదనుకుని వంటింట్లో ఏడ్చుకునేదాన్ని. ఊళ్లోనేమో పంతులమ్మగారికి పొగరెక్కువైందన్నారు.

ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళ్తే ఆవిడ నూతి గట్టు పట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఏమైందండీ అత్తయ్యా?"

"ఏం లేదమ్మా. రెండడుగులు వేయలేకపోతున్నా." పైటతో కళ్లు తుడుచుకుని అన్నారు: "అంతమంది ముందు నన్ను మూటలా ఎత్తారు కదే. మళ్లీ ఆ చాప మీద ఎలా కూర్చోను?"

ఆ మాటతో నా భయం పోయింది. లోపలికి తీసుకొచ్చి వేణ్ణీళ్ల కాపడం పెట్టాను. ఆవిడకు చెప్పకుండా వెళ్లి పాస్టరమ్మగారికి సంగతి చెప్పాను.

"బెంచీ వేయిద్దాం. ఒక్కరికే వేస్తే కూర్చుంటారా?" అన్నారావిడ.

"కూర్చోరండీ."

శనివారం సాయంత్రం పాస్టరమ్మగారు చర్చికి వచ్చే ముగ్గురు పెద్దవయసు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. అత్తయ్య పడుకున్నారని నేను చెప్పలేదు, తిన్నగా లోపలికి తీసుకెళ్లాను. అత్తయ్య నావైపు గుర్రుగా చూశారు. వాళ్లలో పొలం పనులకు వెళ్లే ఒకామె మంచం పక్కన నిలబడి, "నాకూ మూడేళ్ల నుంచి మోకాళ్ల నొప్పులేనండి. గోడ పట్టుకుని లేస్తన్నా. మీరు బెంచీ మీద కూకుంటే మేమూ కూకుంటాం" అంది.

"మూడేళ్లా? ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు చెప్పారేంటండీ?"

అందరూ నవ్వారు. అత్తయ్య కూడా.

ఆ ఆదివారం నలుగురూ గోడవారగా బెంచీ మీద కూర్చున్నారు. అత్తయ్య గొంతు మొదట వణికింది, రెండో చరణానికి కుదురుకుంది.

నొప్పి మాత్రం పోలేదు. బెజవాడ డాక్టరుగారి మాత్రలు కొన్నాళ్లు పనిచేసేవి, కొన్నాళ్లు చేసేవి కావు. గుమ్మం దాటలేని ఆదివారాల్లో ఆ ముగ్గురే మా ఇంటికి వచ్చి మంచం చుట్టూ కూర్చునేవారు. అలాంటి రోజుల్లో అత్తయ్య పొద్దున్నే నన్ను పిలిచి, "ఇవాళ బాగా లేదే అమ్మాయ్, కాస్త విసుక్కుంటానేమో" అని ముందే చెప్పేవారు.