స్ప్రింగుల్లో తుమ్మచెక్క

మా అన్నదమ్ములు విడిపోయింది పొలం కోసం కాదు, ఇంటి ఆడవాళ్ల మాటల వల్ల అంతకన్నా కాదు. పికప్పు బండి ముందు చక్రాల గురించి విడిపోయారు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల సొమ్మేం పోయింది, పోయింది నా పుట్టిల్లు.

నాకు ఒక అన్న, ఒక తమ్ముడు. మెదక్ దిక్కు పల్లె నుంచి వచ్చి నాంపల్లిలో కిరాయి ఇంట్లో ఉండేవారు. నన్ను ఆ పక్క గల్లీలోనే ఇచ్చారు. మా ఆయనది రైల్వేలో పని. ఆయన డ్యూటీకి వెళ్లగానే నేను పుట్టింట్లో వాలేదాన్ని. అమ్మా నాన్నా అప్పటికే లేరు. మా వదిన వండేది, అందరం పొయ్యి చుట్టూ కూర్చుని తినేవాళ్లం. ఆ పొయ్యి రెండు కాకూడదన్నదే నా ఆరాటమంతా. రేపు తమ్ముడికి పెళ్లయితే తోడికోడళ్లకు పడుతుందో పడదో అని ఎప్పుడూ నాకు గుబులుగా ఉండేది. తీరా చూస్తే ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా కలిసిపోయారు. గండం ఇంకో వైపు నుంచి వచ్చింది.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు అన్న, మిలిటరీ వాళ్ల వేలంలో ఒక పాత పికప్పు పాడుకున్నాడు. స్టేషన్ గూడ్సు షెడ్డు నుంచి ఆబిడ్స్ దుకాణాలకు సామాను చేరవేయడం పని. అన్న తోలేవాడు, తమ్ముడు ఎక్కించి దించేవాడు. ఆ బండికి ముందు రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒకే ఇనుప దూలం ఉండేది, అచ్చం ఎడ్లబండి ఇరుసు లాగే. ఎడమ చక్రం గుంతలో దిగితే కుడి పక్క కూర్చున్నవాడి నడుము కూడా కలుక్కుమనేది. నేను ఒక్కసారి గన్‌ఫౌండ్రీ దాకా ఎక్కి, మళ్లీ ఆ బండి మొహం చూస్తే ఒట్టు అనుకుంటూ నడిచి వచ్చాను. అన్నకు మాత్రం అది ప్రాణం. మా నాన్న ఎడ్లబండ్లు చేసేవాడు. ఇరుసు గట్టిదైతే బండి గట్టిదన్న మాట అన్నకు పాలతోనే పట్టింది.

ఆ బండ్లవాళ్లందరిదీ ఒకటే వైద్యం. చక్రం పక్కన ఇరుసు మీద ఇనుప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టి ఉంటాయి, దాన్ని కమాను అంటారు. బరువుకు బండి కుంగిందా, కమానులో ఇంకో పట్టీ వేయించడమే. అన్న కూడా ఏటా వేయించేవాడు. వేయించినకొద్దీ బండి బండరాయి అయ్యింది.

ఆబిడ్స్‌లో అద్దాల బీరువాలు అమ్మే సేటు ఒకాయన, మీ బండిలో పంపితే అద్దాలు పగుళ్లు పడుతున్నాయని పని తగ్గించాడు. అప్పటికి తమ్ముడు తోలడం నేర్చుకున్నాడు, పెళ్లి కూడా చేసుకున్నాడు. వాడి కన్ను కొత్త రకం పికప్పు మీద పడింది. దానికి ముందు దూలమే లేదు. ఏ చక్రానిది ఆ చక్రమే, దేని చుట్టల స్ప్రింగు దానిదే. ఒకటి గుంతలో దిగితే రెండోదానికి ఆ సంగతే తెలియదు. తమ్ముడు రెండు చేతులూ చాపి, ఒక చెయ్యి ఎత్తి ఒక చెయ్యి దించి, అన్నం తింటున్నవాళ్లకు కూడా అదే చూపించేవాడు. అన్న విని విని ఒకరోజు కంచం పక్కకు జరిపాడు.

“రెండు కాళ్లకు పొందిక లేకుంటె మనిషే నడ్వడు. బండెట్ల నడుస్తదిరా?”

“నీ బండిల కూసుంటె పేగులు గొంతులకొస్తున్నయన్నా,” అన్నాడు వాడు.

నెలల తరబడి ఇదే రామాయణం. చివరికి అన్నే మెత్తబడి కొత్త బండి ఇప్పించాడు. పాతది సున్నానికీ ఇనుముకూ, కొత్తది అద్దాలకూ అని పంచుకున్నారు. నేను ఒడిలో గుడ్ల బుట్ట పెట్టుకుని అఫ్జల్‌గంజ్ నుంచి కొత్త బండిలో ఇంటికి వచ్చాను. ఒక్క గుడ్డూ చిట్లలేదు. ఆ మాట అన్న ముందర నాలుగుసార్లు అని కావాలని ఉడికించాను కూడా. మూతి తిప్పుకుని ఊరుకున్నాడు.

కానీ అన్నకు కొత్త బండి మీద దిగులు పట్టుకుంది. బరువు ఎక్కిస్తే ముందు భాగం వంగేది, చక్రాల పైభాగాలు లోపలికి ఒరిగేవి. దాని తయారీయే అంత అని తమ్ముడు ఎంత చెప్పినా అన్నకు అది కాళ్లు తడబడుతున్న పశువులాగే కనిపించేది. వీడు ఎక్కడో రోడ్డు మీద పడిపోతాడని వదినతో అని అని ఆమె నిద్ర కూడా చెడగొట్టాడు.

మరదలి శ్రీమంతానికని తమ్ముడు అత్తగారి ఊరికి వెళ్లాడు. ఆ పూటే అన్న వాకిట్లో కూర్చుని నల్లతుమ్మ చెక్క చెక్కడం మొదలుపెట్టాడు. స్ప్రింగు లోపల సరిగ్గా ఇమిడేలా రెండు దిమ్మెలు, గుండ్రంగా, నున్నగా. మా నాన్న పనితనం అన్న వేళ్లలో నాకు ఆ రోజే కనిపించింది. ఇదేందన్నా అని అడిగాను.

“పట్టీ ఏద్దామంటె దీనికి పట్టీలే లేవు గద చెల్లె. గిది కొడ్తె ఇగ కుంగది. వాడొచ్చి చూసి సంబురపడ్తడు.”

ఆ మొహంలో వెలుగు నేను కళ్లారా చూశాను. దిమ్మెలు రెండూ స్ప్రింగుల్లోకి కొట్టి, చేతులు దులుపుకుని, బండి ముందు భాగాన్ని నొక్కి చూశాడు. అది కదల్లేదు. అన్నకు ఆ రోజు అన్నం సహించింది.

తమ్ముడు ఊరి నుంచి వచ్చేసరికి అన్న సున్నం వేసుకుని వెళ్లిపోయాడు. అద్దాల బీరువా ఒకటి చాదర్‌ఘాట్‌లో ఒక ఇంటికి వెంటనే చేర్చాలని సేటు మనిషి వచ్చి కూర్చున్నాడు. బండి ఎందుకో బిర్రుగా ఉందనుకున్నాడట తమ్ముడు, చక్రాల్లో గాలి ఎక్కువైందేమోనని తోలుకుంటూ పోయాడట. చాదర్‌ఘాట్ దగ్గర గుంతలో చక్రం పడింది. స్ప్రింగు అణగడానికి చోటు లేక దెబ్బంతా చక్రాన్ని పట్టుకున్న ఇనుప చెయ్యి మీద పడి, అది పుటుక్కున విరిగింది. బండి గోడకు కొట్టుకుంది. అద్దం పొడి పొడి, తమ్ముడి కుడి చెయ్యి రెండు ముక్కలు.

బండి విప్పిన మెకానిక్కు స్ప్రింగుల్లోంచి దిమ్మెలు లాగి దవాఖానకు తెచ్చి చూపించాడు, మహా ఘనకార్యం చేసినట్టు. ఇవెవరు పెట్టారని తమ్ముడు అడిగాడు. నేనే అన్నాడు అన్న.

“నా బండి నడుస్తుంటె నీకు ఓర్వబుద్ధి కాలే. గంతేనా అన్నా?”

అన్న మొహం మాడిపోయింది. ఒక్క మాట, నీ మంచికే పెట్టాను రా అని ఒక్క మాట అంటే ఏం పోయేది? తర్వాత వరండాలో నిలబెట్టి అడిగాను, నోట్లో ముత్యాలున్నాయా రాలిపోవడానికి అని. ఎత్తుకుని పెంచినవాడికి సంజాయిషీ చెప్పుకోవాలా అన్నాడు. ఇక నేనే తమ్ముడికి చెప్పాను, చెక్క చెక్కుతున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో కూడా చెప్పాను. నువ్వు ఎప్పుడూ అన్న దిక్కే మాట్లాడతావని గోడ వైపు తిరిగాడు. ఆ మొండితనం, ఈ మొండితనం, ఒకే తల్లి కడుపున పుట్టింది మరి.

చేతికి కట్టు ఉండగానే గన్‌ఫౌండ్రీలో గది చూసుకుని భార్యతో వెళ్లిపోయాడు. పాప పుడితే తొట్టెల వేడుకకు అన్నను పిలవలేదు. పిలవకుండా అన్న వెళ్లలేదు. నేను రెండు ఇళ్లకూ తిరుగుతూ, ఇక్కడి మాట అక్కడా అక్కడి మాట ఇక్కడా చెప్పకుండా నా నోరు నేనే నొక్కుకున్నాను. నా బతుకులో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

చెయ్యి బాగైన తర్వాత తమ్ముడు ఆ అద్దాల సేటు దగ్గరే డ్రైవరుగా కుదిరాడు. రెండేళ్లు గడిచాక సేటు కూడా తన పాత బండి మార్చి అదే రకం పికప్పు కొన్నాడు. ఒకనాడు మధ్యాహ్నం తమ్ముడు బండీ పనీ వదిలేసి నా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి.

“అక్కా, సేటు తన బండికి తనే చెక్క కొట్టించబోయిండు. కుంగుతుందట. వద్దని ఆపిన. ఎవడన్న తన బండిని తనే చెడగొట్టుకుంటడా అక్కా?”

అని, గడప మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు ఒళ్లు మండింది, గుండె కూడా కరిగింది. రెండేళ్లకు తెలిసిందా నీకు అని వీపు మీద ఒక్కటేసి, చెయ్యి పట్టుకుని అన్న ఇంటికి లాక్కుపోయాను.

అన్న వాకిట్లోనే ఉన్నాడు. తమ్ముణ్ని చూసి లేచి, లోపలికి వెళ్లి ముందుగదిలోని కుర్చీని భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. ఆ కుర్చీ సేట్లకూ రైల్వే బాబులకూ వేసేది. మా ఇంట్లో మావాళ్లెవరూ దానిలో కూర్చోలేదు. తమ్ముడు ఆ కుర్చీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, వచ్చి కూర్చున్నాడు. తప్పయిందన్నా అన్నాడు. అన్న కోప్పడలేదు. గవన్నీ ఎప్పటి ముచ్చట్లు, పోనీ తీయ్ అని మంచిగానే అన్నాడు. చెయ్యి నొస్తున్నదా అని అడిగాడు, పాప మాటలు నేర్చిందా అని అడిగాడు. వదిన కప్పు కింద సాసరు పెట్టి చాయ్ తెచ్చింది. తిడతాడేమోనని దారంతా భయపడ్డదాన్ని, ఇప్పుడు తిడితే బాగుండునని దేవుళ్లకు మొక్కుకున్నాను.

చాయ్ అయిపోయింది. వెళ్లొస్తానని తమ్ముడు లేచాడు. అన్న చెప్పులు వేసుకుని గల్లీ చివరి దాకా వెంట నడిచాడు. నేను వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద అన్నం ఉడికి దించి ఉంది, పప్పు పోపు వాసన ఇల్లంతా నిండి ఉంది. వదిన గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. వాడికి కూడా కలిపే బియ్యం పోశాను, ఈయన ఉండమంటాడనుకున్నాను, అంది.