వెనక్కి పిలవని బేరం

కొండల్లో విహారానికి వెళ్లినవాళ్లను ఉగ్రవాదులు కాల్చి చంపిన వారం అది. నంద్యాలలో మా అంగళ్ల వరసలో ఎవరి నోట విన్నా యుద్ధమే. నేనేం తక్కువ తినలేదు. ఫోన్లో మా వ్యాపారుల గ్రూపులో "ఇంక బేరాల్లేవు, కొట్టాల్సిందే" అని పెట్టాను. కొసరు కొత్తిమీర రాలనిదే కూరగాయల బండి దగ్గర్నుంచి కదలని మనిషిని, దేశం మాత్రం బేరమాడకూడదని తేల్చేశాను.

మూడు రోజులయ్యాక పొద్దున్నే రాగి బిందె కోసం ఆళ్లగడ్డ బస్సెక్కాను. పొద్దున్నే ఎందుకంటే, బోణీకి వచ్చిన మనిషి ఉత్తచేతులతో పోతే ఆ రోజంతా వ్యాపారం సాగదని మా అంగళ్లవాళ్ల నమ్మకం. నాకా నమ్మకం లేదు. నమ్మేవాళ్ల దగ్గర వాడుకుంటాను, అంతే.

అక్కడి గిన్నెల అంగడామె నాకు చాలాకాలంగా తెలుసు. ధర చెప్పింది. సగానికి అడిగాను. తల అడ్డంగా ఊపింది. అలవాటుగా లేచి నడిచాను. ఎప్పుడూ నాలుగో అడుగుకు పిలిచేది. ఐదు, ఆరు, ఏడు... రోడ్డు దాటేశాను. పిలుపు లేదు. టీ బంకు పక్కన నిలబడి, చెప్పులో రాయి ఉన్నట్టు కాసేపు దులిపాను. వేరే దారిలేక తిరిగి వచ్చాను.

"ఏందమ్మా, బోణీని ఇట్లా పోనిస్తావా?"

ఆమె ఫోన్లోంచి తలెత్తలేదు. "పోతే పోనీలే అన్నా. మావోడు సరిహద్దులో ఉండాడు. రెండు దినాలాయ, ఫోన్ కలవల్యా. నా కండ్లకు బోణీ కనపడతాండాదా?"

ఆమె కొడుకు సైన్యంలో ఉన్నాడని నాకు తెలుసు. ఆమె కూడా మా గ్రూపులో ఉందనీ తెలుసు. రాసేటప్పుడు రెండూ గుర్తు రాలేదు.

"నువ్వు పెట్టింది సూసినా," అంది.

"ఏదో ఆవేశంలో..."

"తప్పంటినా? ఊరికే ఉంటే మళ్లీ వచ్చి సంపుతారు. చేసినోళ్లు యాడున్నా పట్టుకోవల్ల. కానీ కొట్టడం మొదులుపెట్టినాక యాడ నిలపల్ల? నువ్వు బేరాల్లో మొనగానివి గదా, చెప్పు."

నాకు లేచి నడవడం తెలుసు. అవతలివాళ్లు పిలవకపోతే ఏం చేయాలో తెలియదని ఇప్పుడే రోడ్డవతల చూసి వచ్చాను. నాకు పోయింది కాస్త పరువు. ఏమీ చేయకపోతే చచ్చినవాళ్ల ఇళ్లకు ఏం చెప్తాం? ఆగడం చేతకాకపోతే ఈమెకేం చెప్తాం?

చెప్పిన ధరకే కొన్నానని గొప్పలు పోను. కొంచెం తగ్గించమని నోరు దానంతటదే అడిగింది. ఆమె నవ్వబోయింది. అంతలో ఫోన్ మోగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"కుక్కరు రబ్బర్లా? ఉండాయి, రాప్పా," అంది ఫోన్లో.

బస్సులో నా రాతను తీసేద్దామని చూశాను. గడువు దాటిపోయింది, నా ఫోన్లోంచి తప్ప ఇంకెవరి ఫోన్లోంచీ పోదట. "ఫోన్ వచ్చిందా అమ్మా?" అని ఆమెకు పంపాను. శిరివెళ్ల దాటింది. నంద్యాల వచ్చింది. బిందె ఒళ్లో పెట్టుకుని, దిగడం మరిచి, జవాబు కోసం చూస్తూ కూర్చున్నాను.